అల్లాబక్షు సన్నగీత

అల్లాబక్షు కుడిచేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి. మొదటిది గొడ్డలి వెనకవైపుతో, రెండవది పదునుతో. రెంటికీ మధ్య సుమారు ఏడు నిమిషాల వ్యవధి ఉంది. పోలీసులు రాసుకున్న కాగితాల్లో ఈ రెండూ ఒకే దాడిగా, ఒకే కారణంతో నమోదయ్యాయి. అది సరి కాదు. మొదటి దెబ్బకు కారణం ఒక పొరపాటు. రెండవ దెబ్బకు కారణం ఆ పొరపాటును మేము సరిదిద్దడం. ఆ ఏడు నిమిషాలూ నేను అక్కడే ఉన్నాను. సరిదిద్దినవారిలో నేనూ ఒకదాన్ని. కనుక ఏది దేనికి దారి తీసిందో చెప్పవలసిన బాధ్యత నాది.

నేను విశ్వవిద్యాలయంలో శాసనలిపి చదివి, దానినే ముప్పై ఒక్క సంవత్సరాలు బోధించి, గుంటూరులో స్థిరపడినదాన్ని. ఆరేళ్ళ కిందట వినుకొండ వైపు ఒక శాసనం చూడడానికి వెళుతూ, దారిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు గోడ దగ్గర కారు ఆపించాను. గోడ మీద మిల్లు పేరు ఉంది. అంతే. కాని ఆ అక్షరాల్లో కిందికి దిగే గీత నాలుగు వేళ్ళంత లావుగా ఉంది. అదే గీత వంపు తిరిగి పైకి లేచేసరికి తలవెంట్రుకంత సన్నగా మారుతోంది. తలకట్టు మరీ సన్నం. తాటాకు మీద గంటంతో గీసిన కాలం నుంచి తెలుగు గీత ఇంచుమించు ఒకే మందంలో నడిచింది. ఈ గోడ మీద మాత్రం 'ర' ఒక్కటే చూసినా, గాలి నింపుకున్న రొమ్ములా కుడివైపు కింద బరువుగా ఉబ్బి, పైన ఏమీ లేనంత తేలికగా ముగిసింది. ఎవరు రాశారని వాచ్‌మన్‌ను అడిగాను.

"ఇంకెవరండీ, బక్షు గారు. ఆ సన్నం ఇంకోడికి రాదు," అన్నాడు.

అల్లాబక్షు కొట్టు వినుకొండలో, పాత బస్టాండుకు వెళ్ళే సందులో ఉండేది. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. బల్లపరుపు అంచున్న కుంచెను చేతిలో ఒకే వాటంలో ఉంచి, మణికట్టు తిప్పకుండా, మోచేయి మాత్రమే కదిపి రాసేవాడు. లావూ సన్నమూ ఆ వాటంలో నుంచే పుడతాయి. ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉంది. లావుగీతలను పనివాళ్ళు నింపవచ్చు. సన్నగీత మాత్రం అల్లాబక్షు స్వయంగా, అక్కడికక్కడ, ఎవరి పేరు రాస్తున్నాడో వారో వారి తరఫు మనిషో గోడ ముందు నిలబడి ఉండగానే లాగాలి.

ఈ కట్టుబాటు వేడుక కోసం పుట్టినది కాదు. వినుకొండకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఏటిగట్టుపాడు అనే ఊరు ఉంది. పైబజారు, కిందబజారు అని ఆ ఊరు రెండు వర్గాలు. ముప్పై ఏళ్ళ కిందట ఎన్నికల రోజుల్లో ఒక వర్గం గోడ మీద రెండవ వర్గం పేరు రాత్రికి రాత్రి వెలిసింది. రాసినవాడు అల్లాబక్షు కాదు. అయినా అతణ్ణి ఆ గోడ దగ్గరికి ఈడ్చుకెళ్ళి, కుడిచేతిని గోడకు ఆనించి, బొటనవేలిని రాయితో చితకగొట్టారు. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచి అతని సన్నగీత నడుమ ఎడమకు ఒక చిన్న వంకర వచ్చేది, చీర అంచు ముల్లుకు తగిలి విడివడినట్టు. వేలు నయమైన రోజు అతను రెండు బజార్ల పెద్దలకూ ఒకే మాట చెప్పాడట: "సన్నం ఉంటే నేను నిలబడి రాసినట్టు. మీ మనిషి ఎదురుగా ఉండి చూసినట్టు. సన్నం లేకపోతే అది నా రాత కాదు. నా దగ్గరికి రావద్దు." వారు ఒప్పుకున్నారు. ఆ ఊళ్ళో తరువాత కత్తులు లేచాయి, నాటుబాంబులు పేలాయి. గోడ రాతల మీద మాత్రం మళ్ళీ ఎవరి వేలూ నలగలేదు. ఆ వంకరను రెండు బజార్లూ సంతకంగా గుర్తుపట్టేవి.

ఫ్లెక్సీలు వచ్చాక గోడ రాత చచ్చిపోయింది. అల్లాబక్షు కూతురు నజ్మీన్ హైదరాబాదులో డిజైన్ చదివి వచ్చింది. తండ్రి అక్షరాలను ఫాంటుగా చేయమని ఆ అమ్మాయిని ఒప్పించినది నేను. అల్లాబక్షును ఒప్పించినదీ నేనే. రెండేళ్ళు పట్టింది. మిగిలి ఉన్న నలభై గోడలను ఫోటోలు తీశాం. కొలతలు వేస్తే లావు పదకొండు పాళ్ళు, సన్నం ఒక పాలు అని తేలింది. ఒత్తులు కష్టపెట్టాయి. కింద వేలాడే అక్షరానికి చోటు తక్కువ. లావు పెడితే ముద్ద అవుతుంది, తీసేస్తే తల్లి అక్షరం ఒంటరిదవుతుంది. గుణింతాల్లో కొమ్ములు ఎక్కడ బరువెక్కాలో అల్లాబక్షు కాగితం మీద కాకుండా గాల్లో చెయ్యి ఊపి చూపించేవాడు. నజ్మీన్ ఆ చేతిని ఫోనులో చిత్రించి, ఆపి, మళ్ళీ నడిపి గీసుకునేది.

ఒక రోజు ఆ అమ్మాయి నాతో, "మేడం, సన్నంలో ఈ వంకర తీసేస్తున్నాను. పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద పెడితే తప్పులా కనిపిస్తుంది," అంది.

"తీసేస్తే ఇది మీ నాన్న రాత అని ఎవరు నమ్ముతారు?" అన్నాను.

వంకర ఉండిపోయింది. ఫాంటుకు పేరు కూడా నేనే పెట్టాను: అల్లాబక్షు.

గుంటూరులో ఒక చిన్న హాలులో దాన్ని విడుదల చేశాం. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. శాలువా కప్పుకుని కూర్చున్న అల్లాబక్షు నా వైపు వంగి అడిగాడు.

"మేడం గారూ, దీంతో ఎవరైనా రాసుకోవచ్చా? నేను అక్కడ లేకపోయినా?"

"అదే కదండీ దీని గొప్ప."

"సన్నం కూడానా?"

"సన్నం కూడా."

ఆయన కాసేపు తన బొటనవేలిని చూసుకుని, "సరే, మీరు చదువుకున్నోళ్ళు," అన్నాడు.

ఫాంటుతోపాటు మేము ఒక పేజీ సూచనలు జతచేశాం. ముప్పై పాయింట్ల కంటె చిన్నగా వాడవద్దు, సన్నగీత చెరిగిపోతుంది. గరుకు సంచుల మీద అచ్చు వేయవద్దు. ముదురు రంగు మీద తెల్లగా పెడితే సన్నం కొంచెం లావు చేయాలి. ఏ సైజుకు తగ్గకూడదో రాశాం. ఏ మాటకు వాడకూడదో రాయలేదు. అలా రాసే ఆచారం ఆ విద్యలో లేదు.

మూడు నెలల్లో ఆ అక్షరాలు చీరాల చీరల కొట్ల మీద, పెదకాకాని పుణ్యస్నానాల ఫ్లెక్సీల మీద, పెళ్ళి పందిళ్ళ ముందు వెలిశాయి. వినుకొండలో ఫ్లెక్సీలు కొట్టే ప్రభు నన్ను చూసి, "మేడం, ఈ ఫాంటు పెడితే చావు ఫ్లెక్సీకి కూడా కళ వచ్చుద్దండీ," అన్నాడు. నేను నవ్వాను.

ఇప్పుడు ఏటిగట్టుపాడుకు రావాలి. ఫాంటు విడుదలకు ముందటి ఫిబ్రవరిలో కిందబజారు పెద్ద గురవయ్యను పైబజారువాళ్ళు పట్టపగలు అతని మిరప కల్లంలో చంపారు. ఏడుగురు వచ్చారు. ఆరబోసిన కాయల మీద అతణ్ణి పరుగెత్తించి, మోకాళ్ళ వెనక నరికి, పడిపోయాక తల మీద నరికారు. ఎర్రటి కాయల్లో నెత్తురు ఎక్కడి దాకా పారిందో ఎవరికీ తెలియలేదు. భార్య సుబ్బరావమ్మ కాయను తడిమి, తడి తగిలిన చోటల్లా వేరు చేసి, ఆ కుప్పను తగలబెట్టింది. ఆ ఘాటుకు రెండు బజార్లూ సాయంత్రం దాకా దగ్గుతూనే ఉన్నాయి.

గురవయ్య సమాధి మీద పేరు రాసినవాడు అల్లాబక్షు. కొడుకు కోటేష్ ఎండ పడకుండా తుండుగుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "దగ్గరికి రా కోటేషూ, అక్కడి నుంచి సన్నం కనపడదు," అని పిలిచి, అతను చూస్తుండగా సన్నం లాగాడు. గురవయ్య పేరు మీద ఉన్న ఆ వంకర గీతను కోటేష్ తరచు వేలితో తడిమేవాడని తరువాత సుబ్బరావమ్మ చెప్పింది.

హత్య కేసులో మొదటి ముద్దాయి పైబజారు పెద్ద చెంచురామయ్య. అతను తొమ్మిది నెలల తరువాత బెయిలు మీద బయటికి వచ్చాడు. అప్పటికి మా ఫాంటు వయస్సు నాలుగు నెలలు. ఊరి మొదట్లో పన్నెండడుగుల స్వాగత ఫ్లెక్సీ కట్టారు. చెంచురామయ్య ఫోటో కింద రెండు చిన్న వాక్యాలు: "తండ్రి అయిపోయాడు. కొడుకు మిగిలాడు." ఫోనులో వచ్చిన మాటను ప్రభు యథాతథంగా టైపు చేశాడు. ఆ అక్షరాలే కావాలని ఎవరూ కోరలేదు. గిరాకీ ఉన్నవి కనుక అవే పెట్టాడు.

మర్నాడు ఉదయం కోటేష్ పత్తి తీసే కూలీలను ట్రాక్టరులో తీసుకువెళుతూ ఆ ఫ్లెక్సీ చూశాడు. ట్రాక్టరు ఆపి దిగి, దగ్గరికి వెళ్ళి, మాటలను కాక సన్నగీతను చూశాడు. నడుమ వంకర ఉంది. సన్నం ఉంటే అల్లాబక్షు అక్కడ నిలబడినట్టు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరికి తెలిసిన లెక్క అది. ఫ్లెక్సీని మిషను కొడుతుందని కోటేష్‌కు తెలియక కాదు. సన్నం మాత్రం మిషనుకు వస్తుందని అతని ఊహకు అందలేదు.

పది గంటలకు కొంచెం ముందు నేను అల్లాబక్షు కొట్లో కూర్చుని ఉన్నాను. నా శాసనాల పుస్తకం అట్ట మీద శీర్షికను ఆ అక్షరాల్లో పెట్టి చూపిస్తానని నజ్మీన్ రమ్మంది. ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి నా పక్కన కూర్చుంది. అల్లాబక్షు ఒక డ్రమ్ము మూత మీద ఎర్ర ఎనామిల్ పరచి కుంచె తడుపుతున్నాడు. కోటేష్ ఇద్దరు మనుషులతో లోపలికి వచ్చి, ఒకణ్ణి షట్టరు సగం దించమన్నాడు.

"ఏరా సాయిబూ, పైబజారోళ్ళ ఎదుట నిలబడి సన్నం లాగావా?"

"ఏ సన్నం? కూర్చో కోటేషూ. ముందు ఆ గొడ్డలి కింద పెట్టు."

"మా నాన్న సమాధి మీద లాగిన చేత్తోనే నా చావు రాశావు గదా. ఇదిగో, కళ్ళు పెట్టి చూడు." ఫోను ముఖానికి ఆనించాడు. "ఈ వంకర నీది కాదా?"

అల్లాబక్షు ఫోను అందుకుని చాలాసేపు చూశాడు. "వంకర నాదే," అన్నాడు. "రాత నాది కాదు."

"ఓహో. అయితే గొడ్డలి నాదే, దెబ్బ నాది కాదు. సరేనా?"

గొడ్డలి తిరగేసి కొట్టాడు. బల్ల మీద ఆనించి ఉన్న మణికట్టు పగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఎనామిల్ ఎగిరి గోడ నిండా చిమ్మింది. అల్లాబక్షు నోరు తెరిచాడు గాని గాలి మాత్రమే వచ్చింది. నజ్మీన్ అడ్డం వచ్చింది. ఒకడు జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారుతున్నా ఆ అమ్మాయి లాప్‌టాప్ వదలలేదు.

"అన్నా, ఆగన్నా! రెండు నిమిషాలు చూడు. అది నాన్న రాయలేదు. కంప్యూటరు రాసింది. నేను చేశాను దీన్ని."

అప్పుడు నేను కూడా మాట్లాడాను. తరగతిలో చెప్పినంత స్పష్టంగా చెప్పాను. గోడలను ఎలా ఫోటో తీశామో, గీతను ఎలా కొలిచామో, ఒక్కసారి చేసిన అక్షరం ఎన్ని లక్షల సార్లయినా ఎలా వస్తుందో చెప్పాను. ఆ వంకరను కావాలని ఉంచామని కూడా చెప్పాను. కోటేష్ విన్నాడు. అతను మందబుద్ధి కాదు. నా విద్యార్థుల్లో పదిమందిలో తొమ్మిదిమంది వేయని ప్రశ్నలు వేశాడు.

"అంటే ఎవరు నొక్కినా వచ్చుద్దా?"

"ఎవరు నొక్కినా."

"నేను నొక్కినా?"

గొడ్డలి బల్ల మీద పెట్టి, ఒక వేలితో వెతుక్కుంటూ చెంచురామయ్య పేరు కొట్టాడు. పేరు పక్కన ఒక బూతు కొట్టాడు. తెర మీద ఆ బూతు కూడా అదే అందంతో, లావూ సన్నమూ కుదిరి, నడుమ వంకరతో వెలిసింది. కోటేష్ నవ్వాడు. వెంట వచ్చినవాళ్ళూ నవ్వారు. "ఓరి నీ! అచ్చం బక్షు మావే రాసినట్టుంది," అన్నాడొకడు. గండం గడిచిందని నేను నమ్మిన క్షణం అది.

"ఈ మావ ఎదుట లేకపోయినా?" అని కోటేష్ నన్ను అడిగాడు.

"అవసరం లేదు."

"మరి మా నాన్న పేరు మీద లాగినదానికి అర్థమేంటండీ? రేపు ఎవడో మా నాన్న పేరు కొట్టి పక్కన ఈ మాటే పెడతాడు. అది కూడా ఈ చెయ్యి రాసినట్టే గదా?"

కోటేష్ అల్లాబక్షు వైపు తిరిగాడు. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

"మావా, ఇది ఇచ్చేటప్పుడు నీకు తెలుసా? ఎవడైనా లాక్కోవచ్చని?"

తెలియదని చెప్పి ఉంటే చాలు. అల్లాబక్షు విరిగిన మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని, "అడిగాను," అన్నాడు. "తెలిసే ఇచ్చాను."

"అయితే ఆ చెయ్యి నువ్వు ఎప్పుడో ఇచ్చేశావు. ఇది ఊరికే వేలాడుతోంది."

వెంట వచ్చినవాళ్ళు అతణ్ణి బల్ల మీదికి వంచారు. పదును దిగింది. బొటనవేలు, చూపుడువేలు, అరచేతిలో సగం డ్రమ్ము మూత మీద ఎనామిల్‌లో పడ్డాయి. ఏది రంగో ఏది నెత్తురో తెలియలేదు. నజ్మీన్ రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా తీసి కోటేష్ ముఖం మీద విసిరింది. అతను కళ్ళు పట్టుకుని పశువులా అరుస్తూ గొడ్డలి గాల్లో తిప్పాడు. అది లాప్‌టాప్ తెరను చీల్చి బల్లలో దిగబడింది. ఒకడు నజ్మీన్ కడుపులో తన్నాడు. నేను చీర కొంగు చుట్టి అల్లాబక్షు చేతిని నా రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకున్నాను. నెత్తురు వేడిగా ఉంటుందని చదివాను గాని, అంత బలంగా తోస్తుందని నాకు తెలియదు.

సందులోని జనం షట్టరు పైకి లేపి వచ్చేసరికి ఆ ఇద్దరూ కోటేష్‌ను వదిలి పారిపోయారు. పోతూ పోతూ ఆ ఫ్లెక్సీ కొట్టిన ప్రభు కొట్టులో దూరి, అతణ్ణి మిషను మీదికి తోసి, పళ్ళు రాలేదాకా తొక్కి, నిప్పు పెట్టారు. కోటేష్‌ను పోలీసులు అక్కడే పట్టుకున్నారు. అతని ఎడమకన్ను పోయింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టర్లు ఎనామిల్ అంటిన వేళ్ళను అతికించలేమన్నారు. పదకొండవ రోజున వినుకొండ నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఫ్లెక్సీ లేచింది. "మా అల్లాబక్షు గారు త్వరగా కోలుకోవాలి: చెంచురామయ్య, పైబజారు యువత." పైన చెంచురామయ్య ఫోటో, కింద అల్లాబక్షు పేరును ఆయన ఫాంటులోనే పెట్టారు. ప్రభు కొట్టు కాలిపోయింది కనుక నరసరావుపేటలో కొట్టించారు.

ఆ సాయంత్రమే నజ్మీన్‌కు ఫోను వచ్చింది. "పైబజారు సాయిబు కూతురా, నీ థిన్నర్ కన్నా మంచి యాసిడ్ ఉంది మా దగ్గర. మొహం దాచుకో." కిందబజారు లెక్క సూటిగానే ఉంది. చెంచురామయ్య అల్లాబక్షును మావాడన్నాడు, అతను కాదనలేదు, కనుక మొదటి ఫ్లెక్సీ కూడా అతనిదే, ఆ అమ్మాయి పోగొట్టిన కన్ను పైబజారు కోసం పోగొట్టినదే.

నజ్మీన్ ఫాంటును అప్పటికే వెబ్‌సైటు నుంచి తీసేసింది. కాని నాలుగువేల మంది దించుకున్నారు. పోలీసులు ఫోను నంబరు రాసుకున్నారు. ఫ్లెక్సీకి అనుమతి ఉందన్నారు.

అల్లాబక్షు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఆ గీత అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను అక్కడ నిలబడినట్టే అమ్మాయ్. తీసెయ్యాలి."

"మున్సిపాలిటీకి అర్జీ పెడదాం నాన్నా."

"వాళ్ళు తీస్తే వాళ్ళు తీసినట్టు. నేనే తియ్యాలి. రెండు బజార్లవాళ్ళూ ఎదురుగా ఉండాలి. కబురు పెట్టు." నా వైపు చూశాడు. "మేడం గారూ, నిచ్చెన ఒకటి కావాలి."

నాకు డెబ్భై నాలుగేళ్ళు. నేను నిచ్చెన తెచ్చాను.

గురువారం ఉదయం పది గంటలకు కూడలిలో పైబజారువాళ్ళు పాతికమంది టీ కొట్టు వైపు, కిందబజారువాళ్ళు అంతమందే మందుల షాపు వైపు నిలబడ్డారు. కొందరి చేతులు తుండుగుడ్డల కింద ఉన్నాయి. చెంచురామయ్య జీపులోనే కూర్చున్నాడు. అల్లాబక్షు కుడి మోచేతిని మెట్టుకు కొక్కెంలా తగిలించి, ఎడమచేతిలో రేకుకత్తితో ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. నజ్మీన్ ఒకవైపు, నేను ఒకవైపు నిచ్చెన పట్టుకున్నాం.

పైనుంచి కేక వేశాడు. "సుబ్బరావమ్మా, వచ్చావా? దగ్గరికి రా. అక్కడి నుంచి కనపడదు."

కోటేష్ తల్లి రోడ్డు దాటి ఫ్లెక్సీ కిందికి వచ్చి నిలబడింది. తల ఎత్తి చూసింది.

అల్లాబక్షు మొదటి అక్షరం తలకట్టు దగ్గర కత్తి దించాడు. తన సన్నగీత వెంబడే, దాని వంకరతో సహా, కోసుకుంటూ పోయాడు. లావుముక్కలు విడివడి నా తల మీద, భుజాల మీద పడ్డాయి.

పైబజారు కుర్రవాడొకడు ఇనుప చువ్వతో ముందుకు వచ్చాడు. "ఒరేయ్ సాయిబూ, దిగు! అది మా ఫ్లెక్సీ."

"ఫ్లెక్సీ మీదే. గీత నాది," అన్నాడు అల్లాబక్షు, తల తిప్పకుండా.

చువ్వ నిచ్చెన మీదికి వచ్చింది. నా ముంజేయి అడ్డం ఉంది. ఎముక విరిగిందని వెంటనే తెలిసింది. నొప్పి కొంత ఆలస్యంగా వచ్చింది. నిచ్చెన ఊగింది. పైన అల్లాబక్షు కుడిచేతి కట్టు నెత్తురుతో నానింది. కిందబజారువాళ్ళు తుండుగుడ్డలు విదిలించి కదిలారు.

"ఆగండ్రా!" అని సుబ్బరావమ్మ అరిచింది. "అయ్యేదాకా ఎవడన్నా కదిలాడో, గురవయ్య మీద ఒట్టు. నేను చూస్తున్నా."

కిందబజారు ఆగింది. చువ్వ ఆగలేదు. ఈసారి కుర్రవాడు నిచ్చెనను కొట్టలేదు. "వదులు ముసలమ్మా," అని నా చేతినే చూసి, విరిగిన చోటనే కొట్టాడు. నజ్మీన్ వాడి చెవి కొరికి పట్టుకుంది. నేను రెండవ చేతిని మెట్టు మధ్యగా దూర్చి, నిచ్చెనను ఛాతీకి హత్తుకున్నాను.

చివరి అక్షరం నా పాదాల దగ్గర పడింది. పైన ఆ పేరు ఉన్న చోట చెంచురామయ్య ముఖం కింద ఒక రంధ్రం, అందులోనుంచి ఊరి కొండ.

"చూశావా అమ్మా?" అని అల్లాబక్షు అడిగాడు.

"చూశాను," అంది సుబ్బరావమ్మ, తన వెనకనున్న వారందరికీ వినబడేలా. "ఈ పేరు వాళ్ళది కాదు. దిగు."

ఆ తరువాత రెండు బజార్లూ కలబడ్డాయి. మందుల షాపు అద్దాలు పగిలాయి, పదిహేడుమంది ఆసుపత్రికి వెళ్ళారు, ఒకడు చనిపోయాడు. ఆ చావుకు నా నిచ్చెన కూడా ఒక కారణమని నాకు తెలుసు. నజ్మీన్‌కు మళ్ళీ ఫోను రాలేదు.

కాని అవన్నీ తరువాతి సంగతులు. అల్లాబక్షు మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగాడు. కుడి పాదం నేల మీద ఆనింది, తరువాత ఎడమ పాదం. అప్పుడు నిచ్చెన వదిలాను.